సందర్శన ఉద్దేశం

రైలు మారడానికి దిగిందట మా ఊళ్లో.
మారలేదు.
ఏడో నంబరు ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ తిని,
బయటికొచ్చి ఆటో అతనికి ఫోన్లో ఫొటో చూపించి,
సత్యనారాయణపురంలో మా మేడ మీద గది ముందు
సంచులతో నిలబడింది
లీగా. లాత్వియా దేశం. ముప్పై మూడేళ్లు.

ఇరవై నాలుగు గంటల్లో సి-ఫారం నింపాలి.
నింపకపోతే కేసు నా మీద, ఆ పిల్ల మీద కాదు.
మా మరిది కొడుకు హేమసుందర్ నెట్ సెంటర్లో కూర్చుని
గడి తర్వాత గడి చదివాడు, నేను చెప్పాను.
పాస్‌పోర్టు నంబరు. దిగిన విమానాశ్రయం.
వీసా రకం, పర్యాటక.
సందర్శన ఉద్దేశం?
"చూడ్డానికొచ్చింది, రాయి."

ఏం చూసిందని!
కొండెక్కలేదు. బ్యారేజీ మీద నడవలేదు.
భవానీ ద్వీపం పడవ టిక్కెట్టెంతో నన్నే అడిగింది,
అడిగి ఊరుకుంది.
పగలు పన్నెండింటిదాకా నిద్ర.
రాత్రి ఎనిమిదింటికి మేడ మీద మొదలవుతుంది
టకటకా టకటకా,
కెనడాలో ఎవరో పళ్ల డాక్టర్ల లెక్కలట.
వాళ్లకి తెల్లారితే ఈమెకి పొద్దు పొడిచినట్టు.

ఒకసారి మెట్ల మీద ఆపి అడిగాను,
సైగలూ వచ్చీరాని ఇంగ్లీషూ కలిపి,
ఇది పనే కదా, పని చెయ్యకూడదని కదా నీ వీసాలో?
ఫోన్లో తెలుగు చేసి చూపించింది:
"నా జీతం ఇక్కడిది కాదు. నా యజమాని ఇక్కడ లేడు.
నేను ఇక్కడ కూర్చున్నాను మాత్రమే."
కూర్చోడం పనో కాదో
వకీలు ఒకటన్నాడట, ఎంబసీ ఇంకొకటందట,
అచ్చులో ఉన్న రూలు ఏమీ అనలేదట.
కొన్ని దేశాల్లో ఇలాంటోళ్లకి వేరే వీసా ఉందంట,
నెలకింత వస్తుందని చూపిస్తే చాలు, రమ్మంటారంట.
"మనకి లేదు" అన్నాడు హేమసుందర్.
మనకి లేనివాటి జాబితా వాడి జేబులోనే ఉంటుంది.

ఫిబ్రవరిలో కానిస్టేబులొచ్చాడు, అంకబాబని.
మంచినీళ్లడిగాడు.
"ఆ అమ్మాయి ఏం చేస్తుంటుందమ్మా?"
"నిద్రపోతుందండీ."
అబద్ధం కాదు. అప్పుడు టైము పదకొండు.
రాసుకున్నాడు.
అతని బూట్ల దగ్గర లైనింగు ముక్కలు,
బీసెంట్ రోడ్డు షాపు వాళ్ల సంచి,
శుక్రవారానికల్లా నలభై రెండు జాకెట్లు,
మిషను సూది కింద ఇంకా సగం చెయ్యి.
"మరి మీరు?"
"ఇంట్లోనే ఉంటానండీ."
అదీ రాసుకున్నాడు, గృహిణి.
ఎక్కడా కొట్టివేత లేకుండా.

ఇరవై ఆరేళ్లుగా అదే మాట
రేషను కార్డులో, ఓటరు లిస్టులో,
పోయినేడు నడుం నొప్పికి రాయించుకున్న
ఆసుపత్రి చీటీలో కూడా.
నాకు డబ్బులిచ్చేవాడు ఈ ఇంట్లో లేడు.
నేను ఇక్కడ కూర్చున్నాను మాత్రమే.

ఆ రాత్రి మిషనుకి మోటారు తగిలించి విన్నాను.
పైన టకటకా. కింద టకటకా.
ఆమె ఆగితే నేను దారం ఎక్కించుకున్నాను.
నేను ఆగితే, కుర్చీ జరిగిన చప్పుడు, టీ కాబోలు.

నూట ఎనభై రోజులూ అయిపోయాయి.
వెళ్లేముందు లాప్‌టాప్‌కి ఒక సంచి కుట్టమంది.
పాత కలంకారీ దుప్పటి చించి కుట్టాను, లోపల జిప్పు.
డబ్బులివ్వబోతే వద్దన్నాను.
తర్వాత తీసుకున్నాను,
పనే కదా.
ఎక్కడికే అమ్మా అంటే
ఎవరు ఎన్ని రోజులిస్తే అక్కడికి, అన్నట్టు
వేళ్లు లెక్కపెట్టింది.

నిన్న మీటరు చూసే కుర్రాడొచ్చాడు.
"ఏంటి పిన్నీ, ఈ నెల ఇంత తగ్గిపోయింది?"
చీటీ చించి చేతికిచ్చాడు.
పైన అచ్చేసి ఉంది, గృహ వినియోగం.
కింద యూనిట్లు, నూట పద్దెనిమిది.
అన్నీ నావే.