తనిఖీ

కాగితం మీద ఈ లోయ నిరుడే బాగుపడింది.
ఉలాన్‌బాతర్ నుంచి ఇద్దరు వచ్చారు.
ఇనుప చట్రమొకటి నేలమీద పరిచి
అందులో పడ్డ పరకలు లెక్కపెట్టి
ముద్ర వేసి, ఉప్పు టీ తాగి వెళ్లిపోయారు.

దోల్గోర్ పిన్ని ఆ ముద్రని ఎగాదిగా చూసి
"ఇది మేసి బతకమను నా గొర్రెల్ని" అంది.

ఇక్కడ బంగారం ఉండేది.
ఏటి కింద, గులకరాళ్ల కింద, నలుసులు నలుసులుగా.
తొమ్మిది వేసవులు దాన్ని తోడిన యంత్రం మీద కూర్చున్నది నేనే.
ఒక్కో తోడుకి ఇల్లంత మట్టి లేచేది,
అందులో బంగారం నా చిటికెనవేలి గోటి కింద పట్టేది.
నల్లమట్టి ఏది, రాయి ఏది అని ఎవరూ అడగలేదు.
పైది కిందికి పోయింది, కిందిది పైకి వచ్చింది.
ఎటు పోవాలో తెలియక ఏరు
గుంటల్లో చీలి, పసుపురంగు తేలి, నిలబడిపోయింది.
ఆ నీళ్లు తాగిన పిన్ని ఆడగుర్రం ఈచుకుపోయింది.
ఆ సంగతి ఆమె నాతో అనలేదు.
ఆ సాయంత్రం నుంచి పాలగిన్నె
ఎడంచేత్తో ఇచ్చేది.

కంపెనీ పోయింది. జీతం పోయింది. గుంటలు ఉన్నాయి.

తర్వాత పూడ్చే పని వచ్చింది.
అదే యంత్రం, అదే సీటు, చిరిగిన చోట అదే టేపు.
పూడ్చడమంటే తవ్వడాన్ని వెనక్కి నడపడం కాదు.
రాళ్లు అడుగున, ఇసుక ఆ పైన,
నల్లమట్టి కోసం కుప్పలన్నీ గాలిస్తే
తేలింది బెత్తెడు మందం.
మా తాతలందరూ నడిచింది ఆ బెత్తెడు మీదే.
చివరికి యంత్రం దిగి దోసెళ్లతో పరిచాను,
చాలీచాలని దుప్పటిని
ఇద్దరు పిల్లల మీదికి లాగినట్టు.

విత్తనాలు పిన్ని ఏరింది.
సంచుల్లో వచ్చినవాటిని వాసన చూసి పక్కకు నెట్టింది.
పడమటి వాలులో, ఎవరూ తవ్వని చోట,
అంగీ మడతలో పోగేసింది
ఈక తోకల గడ్డి, మాచిపత్రిలాంటి చేదు మొక్క,
ఉల్లికాడలాంటిదొకటి.
దాని పేరు నాకు తెలీదన్నాను.
"పొట్టేలుకి తెలుసులే" అంది.

ఒక చలికాలం. రెండోది. మూడో వసంతంలో దుమ్ముతుఫాను
సగం మొలక ఎత్తుకుపోయింది. మళ్లీ చల్లాం.

ముద్ర పడ్డాక కూడా మంద గట్టు దగ్గరే ఆగేది.
మూతులు దించేవి. ఊదేవి. తిరిగిపోయేవి.
పచ్చటి నేల ముందు ఆకలితో నిలబడ్డ గొర్రెల్ని
మీరెప్పుడైనా చూశారా?
నన్నెవరూ అంత మర్యాదగా కాదనలేదు.

ఈ జూన్‌లో ఒక పొద్దున
నేను చదును చేసిన నడిమధ్యన
అప్పుడే తోడిన మట్టి, కుప్పగా.
కడుపులో ఏదో జారింది.
రాత్రిళ్లు జల్లెళ్లతో వచ్చే దొంగ తవ్వకందార్లనుకుని
పార అందుకుని పరిగెత్తాను.

కుప్ప మీద నిలబడి ఉన్నాడు, బొద్దుగా,
వెనక కాళ్ల మీద, చేతులు పొట్టకానించి,
కొత్తగా ఇల్లు కొన్నవాడిలా,
తార్బగాన్.
పద్నాలుగేళ్లుగా ఈ లోయలో ఈల వినపడని ప్రాణి.
నన్ను చూసి ఒక్క ఈల వేసి బొరియలో దూరాడు.
లోపల్నుంచి మట్టి చిమ్ముతూనే ఉంది.

కొండను తవ్వి ఎలుకను పట్టారని నవ్వుతారు గానీ
మేం పట్టలేదు, అదే వచ్చింది.
పార కింద పెట్టేశాను.
ఇన్నాళ్లకి ఈ నేలను తవ్వడం తెలిసినవాడొకడు.

పిన్ని వచ్చింది. బూటు మొనతో మట్టి కదిపింది.
"బంగారం పడిందా?" అంది.
ఇన్నేళ్లలో నాతో ఆమె ఆడిన మొదటి వేళాకోళం.

మా వెనకాల చెవి చీలిన ముసలి గొర్రె ఒకటి
గట్టు దాటింది. ఎవరూ తోలలేదు.
మూతి ఆనించింది. ఊదింది.
పరక తెగిన చప్పుడు వినపడింది,
నిజంగానే, అంత ఊపిరి బిగబట్టి ఉన్నాం.
పోతూ పోతూ తోక కింది నుంచి
నాలుగు నల్లటి పెంటికలు రాల్చింది.
ఇక దీన్ని ఏ కాగితానికి అంటించాలో.

ఆ సాయంత్రం పాలగిన్నె
పిన్ని ఏ చేత్తో ఇచ్చిందో నేను చూడలేదు.
గిన్నె వంకే చూస్తూ అందుకున్నాను.