ఇద్దరికీ ఒకటే జత

హార్లింగ్‌వెల్ ఊరి హాల్లో హీటరు చిటపటమంటోంది.
బల్ల మీద పాత బడి రిజిస్టరు,
అట్టకి ఎలుక కొరికిన అంచు,
లోపల మిస్ ట్రాంటర్ గుండ్రటి అక్షరాలు.
చరిత్ర సంఘం కుర్రాడు రికార్డరు నొక్కి
"మీకు గుర్తున్నది చెప్పండి, మిసెస్ గారడ్" అన్నాడు.
ఎనభై తొమ్మిదేళ్ళదాన్ని,
ఎక్కణ్ణించి ఎత్తుకోను?

ముందు ఇది చదవనీ.

"నవంబరు ఏడు. బీటు దుంపల తవ్వకం. పదకొండు మంది రాలేదు.
నవంబరు పన్నెండు. పొయ్యి పొగ చిమ్ముతోంది. సిరా గడ్డకట్టింది.
నవంబరు పదిహేను. ఆలివ్ పెటిట్ వస్తే హెర్బర్ట్ రాడు,
హెర్బర్ట్ వస్తే ఆలివ్ రాదు. తల్లిని మందలించవలెను."

అంతే.
యుద్ధానికి ముందు ఏడాది మొత్తానికీ
మా ఇంటికి దొరికిన జాగా అది.

ఇందులో లేనిది చెప్తాను, విను అబ్బాయ్.
అన్నకీ నాకూ కలిపి ఒకటే జత బూట్లు.
రైల్వే మామయ్య కొడుకు విడిచినవి.
ముందు కాగితం కుక్కితే నావి, తీసేస్తే హెర్బీవి.
అడుగున పదమూడు మేకులు,
నడుస్తుంటే గుర్రప్పిల్ల వస్తోందనుకునేవాళ్ళు.
సోమ, బుధ, శుక్రవారాలు నా వంతు.
మంగళ, గురువారాలు వాడిది.
ఆదివారం చర్చికి ఎవరన్నది నాణెం ఎగరేసేవాళ్ళం,
ఓడినవాళ్ళు వెళ్ళేవాళ్ళు.

నా రోజుల్లో లెక్కలు,
పౌన్లు, షిల్లింగులు, పెన్నీలు, తెగని భాగహారాలు.
వాడి రోజుల్లో గోడకి ప్రపంచ పటం వేలాడేది.
సాయంత్రం గుమ్మంలో బూట్లు చేతులు మారేటప్పుడు
పాఠం కూడా చేతులు మారాలని అమ్మ నియమం.
హెర్బీ పొయ్యి బూడిదలో వేలితో నదులు గీసేవాడు.
ఏ నది ఏ సముద్రంలో కలుస్తుందో నాకు తెలిస్తేగా,
అన్నీ పొయ్యిలోకే పారేవి.

బూట్లు లేని రోజు కిటికీయే బడి.
అక్కణ్ణించి చేలు కనిపించేవి:
ఆకలి ఎకరం, బాతుల మూల, వితంతువు మడి.
ఇప్పుడక్కడ పన్నెండు ఇళ్ళు. వీధికి ఓ పిట్ట పేరు పెట్టారు,
ఆ పిట్ట అడ్రసు మాత్రం ఎవరికీ తెలీదు.

ఒక మంగళవారం ఆ కిటికీలోంచే చూశాను,
మంచులో సైకిలు నడిపించుకుంటూ మిస్ ట్రాంటర్.
అమ్మని దులిపేయడానికే వచ్చింది.
నా కాళ్ళకి చుట్టిన గోనెపట్టా చూసింది.
టీ తాగింది.
చేతి గ్లవ్ ఒకటి మర్చిపోయి వెళ్ళిపోయింది.

ఉండు, పేజీ తిప్పు. ఇదిగో.

"డిసెంబరు అయిదు. ఈ వారం నుండి
ప్రతి పాఠమూ వరుసగా రెండు రోజులు చెప్పబడును.
తరగతి మందకొడిగా ఉన్నది."

మందకొడిగానా?
మా తరగతిలో కత్తిలాంటి పిల్లలుండేవారు!
బుధవారం మళ్ళీ అదే పటం, గురువారం మళ్ళీ అవే లెక్కలు,
విసుగొచ్చి డెస్కులు చెక్కుకునేవాళ్ళు.
ముసలావిడకి మతిమరుపని నేనూ నవ్వాను.
ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను.
హెర్బీ పెద్దయ్యాక లారీ ఎక్కి
కాలికి బలపం కట్టుకున్నట్టు తిరిగాడు,
డీజిలు ఖర్చు దమ్మిడీ తేడా రాకుండా రాసుకునేవాడు.
వాడికీ తెలీకుండానే పోయింది.

కాకపోతే, ఇంకొకటుంది.
తరగతిలో అందరికన్నా చురుకైనవాడు క్లెమెంట్ ఫిస్క్.
ఆ ఏడాది పాఠాలు సగంలో ఆగిపోయాయి,
టౌను స్కూలు పరీక్షలో వాడికి నాలుగు మార్కులు తక్కువొచ్చాయి.
నలభై ఏళ్ళు పందుల దొడ్డిలో పనిచేశాడు.
"ఆ మతిలేని టీచరమ్మ" అని ఇప్పటికీ తిడతాడు.

అడుగో, ఆ చివర,
వణికే చేత్తో బిస్కెట్లు పంచుతున్నాడు,
ఇటే వస్తున్నాడు.

ఆ రిజిస్టరు మూసెయ్యి, అబ్బాయ్.
రికార్డరు కూడా.