అరువు రంపం

బాల్టిక్ సముద్రంలో హీయుమా దీవి. నవంబరు.
మూడున్నరకే దీపం పెట్టుకోవాలి.
తార్వో పెట్టడు. తెర వెలుగు చాలంటాడు.
ఎవరితో అంటాడు?
అదీ సంగతి.

ఉదయం తొమ్మిదికి
పదకొండు గళ్ళలో పదకొండు ముఖాలు.
ఒకటి లిస్బన్‌లో, రెండు స్టాక్‌హోమ్‌లో,
మేనేజరు ఎక్కడుంటాడో మేనేజరుకే తెలియాలి.
"అంతా బాగేనా తార్వో?"
బొటనవేలి బొమ్మ ఒకటి నొక్కుతాడు.
పేరు పక్కన పచ్చచుక్క
మనిషి ఉన్నాడని సాక్ష్యం చెబుతుంది.
అది ఆరిపోకుండా
అప్పుడప్పుడూ మౌసు కదుపుతాడు,
నిద్రపోయే పిల్లాడి ఊపిరి చూసినట్టు.

పైన ఇస్త్రీ చొక్కా.
కింద మంగళవారం నాటి పైజామా.

బీమా క్లెయిములు చూడటం అతని పని.
ఎవరి ఇంటికప్పు గాలికి లేచిపోయింది,
ఎవరి నేలమాళిగలోకి నీళ్ళొచ్చాయి,
నష్టమెంత, ఆధారమేది.
తన క్లెయిము ఎక్కడ వేసుకోవాలో తెలీదు.
ఏం పోయిందని రాయాలి?
ఫోటో అడుగుతారు.

గురువారం సరుకుల వ్యాను వచ్చింది.
రొట్టె అడగబోతే
గొంతులోంచి తుప్పుపట్టిన గొళ్ళెం చప్పుడు.
వ్యాను నడిపే ఐమే "జలుబా?" అంది.
అవునన్నాడు.
జలుబని చెప్పుకోడానికి ఏ మగాడికీ సిగ్గుండదు.
వ్యాను మలుపు తిరిగాక లెక్కేసుకున్నాడు.
ఆదివారం తర్వాత
నోరు తెరిచి పలికిన మొదటి మాట అది.
అదీ అబద్ధం.

వాళ్ళ నాన్నా మాటకారి కాదు.
పడవలో ముగ్గురు మగాళ్ళు, ఒక వల,
పొద్దు గూకేదాకా కలిపి పది మాటలు.
కానీ ఆ మౌనానికి
అటొక భుజం, ఇటొక భుజం ఉండేవి.

శుక్రవారం మీటింగు రద్దయింది.
ఆ కబురు తార్వో చూసుకోలేదు.
ఒకే ఒక్క గడి, అందులో ఒకే ఒక్క ముఖం.
కొత్తగా చేరినవాడేమో, పాపం,
ఎవరూ పలకరించట్లేదు అనుకున్నాడు.
పలకరించబోయాడు కూడా.

శనివారం బూట్లు తొడుక్కుని
జూనిపర్ పొదల మధ్య అరకిలోమీటరు నడిచి
ఎండెల్ తలుపు తట్టాడు.
"రంపం ఉందా?"

ఎండెల్‌కి డెబ్భై ఒకటి.
ముప్ఫై ఏళ్ళు ఫెర్రీలో ఇంజను చూశాడు,
కుడి చెవి ఆ ఇంజనుకే ఇచ్చేశాడు.
తార్వో షెడ్డులో రంపముందని అతనికి తెలుసు.
నారింజ పిడిది.
కిందటి వేసవిలో దాని పళ్ళకి
పదును పెట్టింది తనే.
తెలుసని తార్వోకీ తెలుసు.

గడపకి అటొకడు ఇటొకడు.
కాసేపు ఎవరూ కదల్లేదు.

ఎండెల్ లోపలికెళ్ళి చాలాసేపు వెతికాడు
(ఎదురుగోడకే వేలాడుతోంది)
తెచ్చి చేతికిచ్చాడు.
"రేపు తెచ్చియ్యి" అన్నాడు.
తలుపు మూయబోయి, మళ్ళీ,
"పొద్దున్నే కాదు. పదకొండుకి.
చేపల సూపు ఉంటుంది."

షెడ్డులో రెండు రంపాలు పక్కపక్కన.
కోయడానికేమీ లేదు.
అయినా చీకటి పడేలోపు
పడిపోయిన బిర్చి కొమ్మ ఒకటి లాక్కొచ్చి
అరువు రంపంతోనే కోశాడు.
తిరిగిచ్చేటప్పుడు పళ్ళకి
కాస్త పొట్టయినా అంటుకుని ఉండాలి కదా.

ఆదివారం.
ఆ పొట్టుని బొటనవేలితో తుడుస్తూ
"ఏం కోశావు?" అన్నాడు ఎండెల్.

తార్వో కొమ్మతోనే మొదలుపెట్టాడు.
రెండో వాక్యంలో కొమ్మ లేదు.
మూడోది మధ్యలోనే తెగింది.
ఎండెల్ ఏమీ అనలేదు.
కుర్చీ జరుపుకుని
వినబడే చెవి ఇటు తిప్పాడు.

సూపు చల్లారింది. మళ్ళీ వేడిచేశారు.
మళ్ళీ చల్లారింది.

బయల్దేరుతుంటే
రంపం తీసి మళ్ళీ చేతిలో పెట్టాడు ముసలాయన.
"ఉంచుకో" అన్నాడు,
"కోత ఇంకా మిగిలే ఉన్నట్టుంది.
వచ్చే ఆదివారం తెద్దువుగాని."