బయట పిడి లేదు

మిర్చి బస్తాల నడుమ దొరికింది.
ఏనుమాముల యార్డు వెనుక, నర్సింగం సేటు గోదాంల
ఎర్రటి బండే,
తేజ మిర్చి దుమ్ము కింద
దాని ఎరుపు దానికే యాదికి లేదు.

పదకొండేండ్లు కాంటా చిట్టీలు రాసుకుంట చూసిన.
టార్పాలిన్ జరిగినప్పుడల్లా ఒక లైటు, ఒంటికన్ను.
సీజన్ల అదీ కనవడది.

ఎంజీ అంటరట. రెండే సీట్లు.
సేటు వాళ్ల నాయన ఏ మిల్లు దొర దగ్గర్నో
బాకీ కింద గుంజుకొచ్చిండట.
"నడువదమ్మా ఝాన్సీ, ఏం జేస్కుంటవ్?"
ఏమో. చెప్పరాలే.
చిట్టి ఎత్తిన పైసలు, లక్షా నలభై,
బల్ల మీద పెట్టిన.
రెండుసార్లు లెక్కవెట్టుకున్నడు.
అక్క మాత్రం ఇప్పటికీ అంటది:
ధర్మసాగర్ దిక్కు వంద గజాలొచ్చేది.

ఆటోనగర్‌ల యాకయ్య చేతులు తుడుచుకుంట అడిగిండు:
"సారేమంటడు?"
"సారు లేడు."
"అయితె బానెట్ లేపు."

లేపినం.
కొంచెంసేపు చప్పుడు చెయ్యలే.
తర్వాత నవ్విండు, దగ్గొచ్చేదాక నవ్విండు.
"ఇది మన అంబాసిడర్ ఇంజనే గదమ్మా!
తాసిల్దారు గుండెను తెచ్చి
ఉరికెటోని ఛాతిల పెట్టిండ్రు."

నాలుగో సిలిండర్ల పిస్టన్ పట్టేసింది.
డీజిల్ పోసి మూడు దినాలు నానవెట్టి
కట్టెముక్క ఆనిచ్చి సుత్తెతో కొట్టిండు,
పసిపోరన్ని నిద్రలేపినట్టు. లేవలే.
నాలుగోనాడు ఫోన్ జేసి రమ్మన్నడు.
హెడ్డు నెర్రెవాసింది, నీళ్లు నూనెల గలిసినయి.
పుల్ల దీసి చూపిచ్చిండు: చాయ రంగు.
పాలెక్కువ పోసిన చాయ.
ఆ రాత్రి కెటిల్ దిక్కు చూడబుద్ధి గాలే.

హన్మకొండల తూకానికి పోయిన సర్కారు బండి ఒకటి,
దాని హెడ్డు దొరికింది. వాల్వులు కూడ దానియే.
పిస్టన్లు నిజామాబాద్‌ల ఎవరో ముసలాయన
పాత పేపర్ల చుట్టి దాచుకున్నయి.
పేపరు విప్పంగ, అండ్ల ఎన్నడో చనిపోయిన ఎవరిదో
పెండ్లి ఫోటో.
యాకయ్య దాన్ని మడిచి జేబుల వెట్టుకున్నడు, ఎందుకో.

ఇగ కార్బురేటర్లు. రెండు. తోడికోడండ్లు.
ఒకదాన్ని బుదరకిస్తె ఇంకోటి అలుగుతది.
రబ్బరు పైపు ఒక కొస చెవిల, ఒక కొస దాని మూతికి,
పొద్దుగూకేదాక వాటి ముచ్చట విన్నడు యాకయ్య.
"ఇద్దరు ఒకటే ఊపిరి తీసుకోవాలె" అన్నడు.
నన్ను గూడ వినమన్నడు.
విన్న.
బావిల ఎవరో నిద్రవోతున్నట్టుండె.

దసరా ఎల్లిన మూడోనాడు ముట్టుకుంది.
ఒక పెద్ద చప్పుడు. సైలెన్సర్లకెల్లి
ఎలుక గూడు, గింజలు, పదకొండేండ్ల కారం
ఎర్రటి పొగై లేసింది.
గల్లీ గల్లీ అంత తుమ్మింది.
వెల్డింగు పోరడు, టైర్ల ఖాజా, సోడాబండి,
తుమ్ములు లెక్కవెట్టుకుంట నేను ఏడ్చిన,
కారానికే అనుకున్నరు అందరు.

మొదలు యార్డుకే తీస్కపోయిన.
హమాలీ మొగిలి చుట్టూ తిరిగి చూసిండు.
"ఎన్ని బస్తాలేసిన దీని మీద!
ఒక్కపాలి నన్ను మొయ్యనీ."
తలుపుకు బయట పిడి లేదు.
లోపలికి చెయ్యి వెట్టి తాడు గుంజాలె అని
నేను చూపిచ్చిన.
తువ్వాల దులిపి, కూసున్నడు. కాళ్లు యాడ వెట్టాలె అనడిగిండు.

కాశిబుగ్గ దాటంగనే ఆగింది.
నేనేమనకముందే దిగి భుజం ఆనిచ్చిండు,
ముప్పై ఏండ్ల అలవాటు భుజం.
రెండో గేరు. క్లచ్చు ఇడిసిన.
అందుకుంది.

ఆగితె మల్ల చస్తదని ఆగలే.
పోచమ్మమైదాన్ చౌరస్తల తిప్పుకొని వచ్చెవరకు
మొగిలి రోడ్డు నడుమ ఉరుకుతున్నడు,
తుమ్ముకుంట, నవ్వుకుంట,
ఒక చెయ్యి తలుపు లోపలికి చాపి
తాడు కోసం దేవులాడుకుంట.