రెండో శనివారం

ఇంట్లో బజారని చెప్పి
నేనూ దాలమ్మా గార బస్సెక్కాం.
దిగి ఆటోవాణ్ణి అడిగితే
"శాలిహుండమా? అక్కడెవులున్నారు మీకు?" అన్నాడు.
ఎవులూ లేరు. సూడ్డానికే.
అద్దంలోంచి రెండుసార్లు చూశాడు,
చూడ్డానికి వెళ్ళే వయసు కాదనో,
చేతిలో కేరేజీ లేదనో.

నిజమే, కేరేజీ లేదు.
దాలమ్మ పెట్టిన షరతు అదొక్కటే:
"ఈయేల మనం ఒండింది మనం తినకూడదు."

పదకొండేళ్ళుగా బడిలో
నూట నలభై రెండు మందికి వండుతున్నాం.
మొదట్లో నూట పది, ఓ ఏడాది తొంభై,
ఇప్పుడు నూట నలభై రెండు.
పిల్లలు లేచాక అడుగున మిగిలిందే మా భోజనం,
నిలబడే, గిన్నెలోంచే.
జీతం అనరు దాన్ని, గౌరవ వేతనం అంటారు.
అది ఏ నెలది ఏ నెలలో పడుతుందో
బ్యాంకు వాళ్ళకీ తెలీదు.

మెట్ల మీద దాలమ్మ మోకాలు టక్కుమంది.
"పరవాలేదు, పైకొచ్చీసింది కదా కొండ" అంది
ఇంకా సగం ఉండగానే.
మలుపు తిరిగితే ఒక్కసారిగా వంశధార.
ఇసకే ఎక్కువ, నీళ్ళు తక్కువ.
సరుకు రాని వారంలో మేం కాచే పప్పు
అచ్చం ఆ రంగులోనే ఉంటుంది.
ఆ చివర సముద్రం,
ఎవరో సుద్దముక్కతో గీత గీసి
లెక్క చెయ్యకుండా వెళ్ళిపోయినట్టు.

ఇటుకల గుండ్రాలు, ఇటుకల గోడలు,
మోకాలెత్తున ఆగిపోయిన గదులు.
బోర్డు నేను చదివాను: రెండు వేల ఏళ్ళ నాటివి.
దాలమ్మ బోర్డు చూళ్ళేదు,
వేలితో గదులు లెక్కపెడుతోంది.
"గదికిద్దరేసుకో. మనిషికి నూటేభై గ్రాములు.
ఒలే, పొద్దున్నే ఎన్ని కేజీలు కడిగీవోరే?"

"సన్నేసులే వాళ్ళు. కిందూళ్ళోకెళ్ళి
అడుక్కుని తెచ్చుకునీవోరట."

"మరా కిందూళ్ళో ఒండింది ఎవులు?"

నాకు తెలీదు. బోర్డు మీద లేదు.

మ్యూజియం గదిలో దేవతలున్నారు,
ముక్కులు అరిగినవాళ్ళు, చేతులు పోయినవాళ్ళు.
అందరికీ ఒకటే దణ్ణం పెట్టేసి
దాలమ్మ మూలనున్న చిట్లిన మూకుడు దగ్గర ఆగింది.
అద్దానికి నుదురు ఆనించి చూసింది.
లోపల ఒక పక్క నల్లటి మచ్చ.
"మాడ్చీసింది" అంది మెల్లిగా.
"గుంటడెవుడో ఏడిసుంటాడు. లేసి ఎల్లుంటాది."

కళింగపట్నం రోడ్డులో రేకుల హోటలు.
బల్ల మీద ప్లాస్టిక్ జగ్గు, గోడకి నిరుటి కేలండరు.
కూర్చున్నామో లేదో ఇద్దరం లేచాం, మంచినీళ్ళకి.
"కూకోండమ్మా" అన్నాడు కుర్రాడు.
కూర్చోవడం కొంచెం కష్టమైంది.

కానాగంతల పులుసు, గోంగూర,
వేడన్నం మీద ఆవిరి మా మొహాలకి తగిలింది.
రోజూ తగిలే ఆవిరే,
కాకపోతే ఇవాళ కింద పొయ్యి లేదు.

"ఇంకొంచెం అన్నమెయ్యనా?"
రోజూ ఈ మాట వరసంతా తిరుగుతూ నేనే అంటాను.
ఎదురొస్తే జవాబు తట్టలేదు.
దాలమ్మే చెప్పింది:
"ఎయ్యి బాబూ. ఆపమన్నప్పుడు ఆపు."
చాలాసేపటి దాకా ఆపమనలేదు.

పులుసులో ఉప్పు ఒక పిసరు తక్కువ.
ఇద్దరికీ తెలిసింది. ఇద్దరం అనలేదు.
లోపల ఏదో గిన్నె జారిపడింది,
ఒక ఆడగొంతు తనని తానే తిట్టుకుంది.
దాలమ్మ తలెత్తి అటు చూసి
మళ్ళీ ముల్లు తీసుకోవడంలో పడింది.

తినడం అయ్యాక కంచం పట్టుకుని
కుళాయి ఎక్కడా అని వెతుకుతున్నాను.
"ఒదిలీండమ్మా" అని కుర్రాడు
చేతిలోంచి లాక్కున్నాడు.
బయటికొచ్చినా ఆ చెయ్యి
కాసేపు కంచం ఆకారంలోనే ఉంది.

బస్సులో దాలమ్మ కిటికీ పక్క.
నిద్రపోయిందనుకున్నాను.
సింగుపురం దాటాక కళ్ళు మూసుకునే అంది:
"సోమారానికి గుడ్లు అయిదట్టలు సెప్పాల.
అయిదు సాలవు గావాల, పగిలినవి తీసీగా."