మే నెల పద్దు

ఈ ఏడు వేళాంగణి వెళ్దామనుకున్నాం.
ఐదుగురికి టిక్కెట్లు, రానూపోనూ, లాడ్జీ, తిండి:
బాలశౌరి పెన్సిలుతో కూడి
కింద తేలిన అంకెను కాసేపు చూసి
కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
కుంటి మంచం కోడు కిందకి తోశాడు.
మంచం ఊగడం మానేసింది.

"అమ్మ అక్కడే ఉంటాదేటి?
మన కొండ మీద నేదా?" అంది మా అత్త.

శనివారం చుక్క ఉండగానే లేచి
సోల్జర్‌పేట సందుల్లోంచి నడిచే వెళ్ళాం.
రాస్ హిల్ ఎక్కుతూ ఇన్నాసి మెట్లు లెక్కపెట్టాడు,
తప్పాడు, మళ్ళీ కిందకి దిగి మొదలెట్టాడు.
వాడి కోసం ఆగిన చోటల్లా
మాకు కొంచెం గాలి దొరికింది.
పక్క కొండ మీద అజాన్ అయింది,
ఆ పక్క కొండ మీద గుడిగంట.
పూజ ముగిసి బయటికొచ్చేసరికి
కింద హార్బరు ఒళ్ళు విరుచుకుంటోంది.
పద్నాలుగేళ్ళుగా ఆ జెట్టీ మీద
ఓడలకి తాళ్ళు కట్టే నా మొగుడు
పిట్టగోడకి మోచేతులానించి
"పైనుంచి చూస్తే ఎంతుందే నా పని,
అగ్గిపెట్టెలో పట్టేస్తాది" అన్నాడు.
సెలవు పెట్టిన ఆరో రోజుకి
మొదటిసారి నవ్వాడు.

తర్వాత రోజుల గురించి చెప్పడానికేమీ లేదు.
అదే వాటి గొప్ప.
మధ్యాహ్నాలు గచ్చు మీద నీళ్ళు చల్లి
అందరం అడ్డదిడ్డంగా పడుకునేవాళ్ళం.
ఫిలోమిన బడి నుంచి తెచ్చిన ఒకే ఒక్క పుస్తకాన్ని
మూడోసారి చదివేది, అదే చోట నవ్వేది.
పూర్ణా మార్కెట్లో బేరమాడి తెచ్చిన ముంజల్ని
బొటనవేలితో పొడిస్తే
నీళ్ళు చొక్కాల మీదికి చిమ్మేవి.
ఆదివారం కోస్టల్ బ్యాటరీ దగ్గర ఇసకలో
చద్దన్నం, వేయించిన ఎండునెత్తళ్ళు, ఉల్లిపాయ.
ఐస్‌క్రీం బండి పిల్లలకి కనపడకుండా
బాలశౌరి అడ్డంగా కూర్చున్నాడు, డాల్ఫిన్స్ నోస్ కొండలాగ.
ఆఖరికి తనే లేచి వెళ్ళి
రెండు పుల్లైసులు తెచ్చాడు.
నలభై రూపాయలు.
రాశాను.

పందొమ్మిదో తారీఖు మా ఇంటి వంతు.
మే నెలంతా ఇంటింటికీ తిరిగే మరియతల్లి
ఆ సాయంత్రం మా కుట్టుమిషను మీద నిలబడింది,
నా పెళ్ళి చీర పరిచిన మిషను మీద.
ఎదురింటి సన్యాసమ్మ తన కుండీల మల్లెలన్నీ కోసుకొచ్చి
"రేపటికి మళ్ళీ మొగ్గేస్తాది,
డబ్బులు లోపలెట్టు" అని కసిరింది.
మూడో దేవరహస్యం దగ్గర కరెంటు పోయింది.
ఉక్క. ముప్పైమందిమి, ఒకటే విసనకర్ర.
ఉపదేశి రాయప్ప తల్లినెత్తుకుని డాబా ఎక్కాడు,
వెనక మేము, ఎన్నో పూస దగ్గరున్నామో
వేలితో నొక్కిపట్టుకుని.
పైన గాలి.
సముద్రం మీద లంగరేసిన ఓడల దీపాలు.
జపం మధ్యలో ఇన్నాసి గట్టిగా
"పదకొండు!" అన్నాడు.
ఫిలోమిన వాడి తొడ గిల్లింది.
అత్త మాత్రం కళ్ళు తెరవకుండానే
"ఆ ఓడల్లో ఉన్నోళ్ళూ ఎవరో తల్లి కన్నోళ్ళేరా.
పదికి ఇంకోటి కలపండి" అంది.
కలిపాం.

అందరూ వెళ్ళాక కొవ్వొత్తి ముక్క దగ్గర పద్దు రాశాను.
శనగలు, బెల్లం, నిమ్మకాయలు, కొవ్వొత్తులు.
మొదట్నుంచీ కూడితే
లాడ్జీ ఒక రాత్రి కిరాయికి కూడా తూగలేదు.
మంచం డాబా మీదికి మోసుకొచ్చాం గానీ
ఆ మడత కాగితం కిందే ఉండిపోయింది.
మంచం మళ్ళీ ఊగింది.
రెండింటికి హార్బరులో సైరన్ కూసింది.
ఏ రాత్రైనా ఆ కూతకి ఉలిక్కిపడి లేచే మనిషి
మెడ మీద పడ్డ ఇన్నాసి కాలిని
ఇంకాస్త దగ్గరకి లాక్కుని
అటు తిరిగాడంతే.