వరదగుడి

మాధవరం పాలకాలనీ దాటాక, లారీ షెడ్ల వరసలో
నా రేకుల కొట్టు ముందు
పొద్దున్నే ట్రాక్టరు ఆపి దిగింది కనకవల్లి.
వెనక ఖాళీ నీళ్ల ట్యాంకు ఇంకా చుక్కలు కారుస్తోంది.
"ఆరు నెలలైంది మేస్త్రీ ఆయిలు పొయ్యక.
తగ్గకపోగా పెరుగుతా ఉంది.
ఎక్కువైంది తీసి డబ్బాలో దాచినా.
మంచిదే గదా?"

మంచిదే అందామనిపించింది.
ఈ ఊళ్లో ఆ మనిషికి, అద్దె కాకుండా
ఏదైనా పెరగడం ఇదే మొదలు.

గేజు కడ్డీ లాగాను.
పై గీత దాటి బొటనవేలెడు.
ముసలి ఇంజన్లో ఆయిలు కడ్డీని పట్టుకు వేలాడాలి,
ఆఫీసు వేళ బస్సు మెట్టు మీది మనిషిలా.
ఇది చెయ్యి వదిలేసింది.

వాసన చూశాను గాని
ముప్పై ఏళ్లు డీజిల్లో నానిన ముక్కు, దాని మాట చెల్లదు.
గోడమీది క్యాలెండర్లో అయిపోయిన నెల చించి
వెనక తెల్లటి వైపు ఒక్క చుక్క వేసి,
టీ తెప్పించాను.

గ్లాసులు ఖాళీ అయ్యేసరికి
మసి నడుమ కూర్చుండిపోయింది.
దాన్ని వదిలి బయల్దేరిన లేత పసుపు తడి
చందమామకు వరదగుడి కట్టినట్టు
చుట్టూ తిరిగి కట్టింది.
దూరపు గుడికి దగ్గర వాన అనేది మా అవ్వ.
ఈ గుడి కాగితం అంచుదాకా పోయింది.

"నీళ్లా?" అంది. ఆమెకు తెలిసిన కల్తీ అదే.
నీళ్లయితే ఆయిలు మజ్జిగవుతుంది, ఇది డీజిలు.
ఆ మాటకు ఆమె గ్లాసు కింద పెట్టేసింది.

నాజిళ్లు మూడూ విప్పి కొట్టి చూశాను.
మూడూ పొగమంచులా చిమ్మాయి,
ఒక్కటీ మూతి తడుపుకోలేదు.
పెద్ద పంపు సీలేమోనని దాని ధర తలుచుకుని
కాసేపు ఆమె వైపు చూడకుండా స్పానర్లు తుడిచాను.
చివరికి చిన్నది,
ట్యాంకులోంచి డీజిలు ఎత్తిపోసేది,
రెండు బోల్టులు తీస్తే అరచేతిలోకొచ్చేది.
లోపలి రబ్బరు పొర
ఎండకాలం పెదవిలా పగిలి ఉంది.

రబ్బరుకు వయసొస్తుంది, దాని తప్పేం లేదు.
పొర చిరిగిన రోజు నలుగురికీ తెలియాలనే
ఆ పంపు ఒంటికి సన్న బెజ్జం పెట్టి పంపుతారు చేసినవాళ్లు,
చుక్కచుక్కా బయటికి కారి
చూడండ్రా, అనేందుకు.
ఆ బెజ్జం మూసి ఉంది.
ఎవరో ఎం-సీల్ మెత్తి వేలితో అదిమారు.
నోరు మూస్తే డీజిలు లోపలికి నడిచింది.

"చెంగల్రాయుడు దొంగిలిస్తున్నాడనుకున్నా," అంది కనకవల్లి.
"ట్రిప్పుల లెక్కకీ బంకు లెక్కకీ పొంతన లేక
ఫిబ్రవరిలో తాళం లాక్కుని పంపించేసినా.
వాడు పోయినాక కూడా తగ్గతానే ఉండె.
నాకే లెక్క రాదనుకున్నా."
వెళ్లి సీటు కిందినుంచి ఐదు లీటర్ల డబ్బా తెచ్చి
నా ముందు పెట్టింది.
మూతదాకా ఉంది.

నేను పంపును కిరసనాయిలుతో కడిగి
గుమ్మంలో వెలుగుకు పట్టాను.
గట్టిపడిన ముద్దమీద వేలిముద్ర,
గీతలను అడ్డంగా కోస్తూ ఒక గాటు.
ఆ ఫ్యాను రెక్క ఎవరిదో నాకు తెలుసు.
కార్తీకం వానల్లో చెంగల్రాయుడు
తడిసిన చొక్కాతో ఇంజను ఆపకుండానే అరిచాడు:
"అన్నా, ఇక్కడ కారుతోంది,
లోడుంది, ఒక్క నిమిషంలో మూసెయ్యి!"
మూశాను. డబ్బులు వద్దన్నాను.
ఆ సాయంత్రమంతా
నేను మంచివాణ్ణని నాకు గుర్తుంది.

"వాడి నంబరుందా నీ దగ్గర?"
ఉందన్నాను.
ఫోను తియ్యలేదు ముందు.
ఆ పంపును ఆమె చేతిలో పెట్టి
ముద్ర పక్కన
నా ఎడమ బొటనవేలు చాపాను.